గోడ మీద పెట్టిన చీటీల డబ్బా

నేను ఒక బిస్కెట్ల డబ్బాను. ఇప్పుడు నాలో బిస్కెట్లు లేవు. మూత మీద చీలిక ఉంది, కడుపు నిండా కోపం ఉంది. రేకుముక్కకి కోపమేమిటని మీరు నవ్వొచ్చు. రేకుకి వచ్చేదే అసలు కోపం. కొడితే మోగుతుంది, మీలాగా మింగి ఊరుకోదు.

పట్నంలో ఏదో మిషను కింద పుట్టాను. క్రిస్మసుకి ఇక్కడి విచారణ చూసుకునే చర్చి ఫాదరుగారికి కానుకగా ఈ ఊరొచ్చాను. బిస్కెట్లు నాలుగు రోజుల్లో అయిపోయాయి. తర్వాత సిస్టర్ల మఠంలో ఏడేళ్లు సూదులూ దారాలూ మోశాను. ఆ ఏడేళ్లూ నాలో ఎవరూ ఏ ప్రశ్నా వెయ్యలేదు. బతుకు హాయిగా గడిచింది.

ప్రశ్నలు శౌరమ్మతో మొదలయ్యాయి. ఆమె హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన టీచరు. భద్రమైన అభ్యంగనమనే సంస్కారానికి పదహారేళ్ల పిల్లల్ని తయారుచెయ్యమని ఫాదరుగారు ఆమెకి అప్పజెప్పారు. మేత్రాణులవారు, అంటే బిషప్పుగారు, వచ్చి నుదుట తైలం పూసే రోజుకి వాళ్లకి జ్ఞానోపదేశం నోటికి రావాలి. అంతవరకూ ఆ పని చేసిన ఉపదేశి పద్ధతి ఒక్కటే. తను అరవడం, వాళ్లు తిరిగి అరవడం. శౌరమ్మకి అది నచ్చలేదు. మఠంలో నన్ను అడిగి తెచ్చుకుని, ఉలితో నా మూత చీల్చి, "నోటితో అడగలేనివి రాసి ఇందులో వెయ్యండి. పేర్లు రాయొద్దు" అంది.

శనివారం మధ్యాహ్నం వంట ముగించుకుని నన్ను మంచం మీద బోర్లించేది. కళ్లజోడు పెట్టుకుని చీటీలు విప్పేది. "ఆదాముకి బొడ్డు ఉందా?" "వారంవారం ఒకటే పాపం చెబితే ఫాదరు విసుక్కోరా?" "పరలోకంలో సిగ్నలు ఉంటుందా?" పొట్ట పట్టుకుని నవ్వేది. నవ్వాక మాత్రం బైబిలు తీసి, నోటుబుక్కు తీసి, ఒక్కో చీటీకి గంటసేపు జవాబు వెతికేది. పొయ్యి మీద పాలు పొంగినా లేచేది కాదు. అప్పట్లో నేను గర్వపడ్డాను, ఒప్పుకుంటాను.

ఒక శనివారం ఈ చీటీ వచ్చింది: "గుడిలో అందరం ఒకే బల్ల దగ్గర సత్ప్రసాదం తీసుకుంటున్నాం. సమాధుల దొడ్డిలో మధ్యన గోడ ఎందుకు? మా నాయనమ్మ అవతల ఎందుకుంది?"

పేరు లేదు. టీచరుకి చేతిరాత చాలు. ఊరి చివర దళితపేటలోని ఆరోగ్యమేరి.

గోడకి ఇవతల రెడ్ల సమాధులు, పాలరాయి. అవతల పేటవాళ్లవి, మట్టి దిబ్బలు. సమాధుల పండక్కి తీర్థం ముందు ఇవతల చల్లుతారు, మిగిలితే అవతల. పోయినేడు మిగల్లేదు. శౌరమ్మ భర్త ఇవతల పడుకుని ఉన్నాడు. ఆయన పక్కన ఆమెకి కూడా చోటు కట్టించి ఉంచారు.

ఆమె జవాబు రాసింది, కొట్టేసింది. మళ్లీ రాసింది, చింపేసింది. అంతలో మరిది ఇన్నారెడ్డి వచ్చాడు. విచారణ పెద్ద, చర్చిలో అతని మాటే చెల్లుతుంది. చీటీ తీసి చదివాడు.

"ఏంది వదినా, జ్ఞానోపదేశం చెప్పమంటే పిల్లకాయలకి గోడలు చూపిస్తన్నావా?"

"అడిగింది గదా ఇన్నారెడ్డీ. ఏం చెప్పను?"

"ఏడు సంస్కారాలు చెప్పు, చాలు. గోడ ఎనిమిదోదా ఏంది?" నవ్వి, గుమ్మంలో ఆగాడు. "నీకు మా అన్న పక్కన చోటు కావాల్నా, వద్దా?"

ఆమె చీటీ మడిచి తిరిగి నాలో వేసింది. ఆదివారం పిల్లలతో, "ఈ వారం చీటీలన్నీ అయిపోయినయ్" అంది. నా కడుపులో ఒకటి ఉండగా! ప్రభువు పాఠం చెబుతూ, నన్ను ఒళ్లో పెట్టుకుని, అంత అబద్ధం! ఇన్నారెడ్డి తెలిసిన ముల్లు. వాడి మీద రాని కోపం నాకీమె మీద వచ్చింది.

ఆరోగ్యమేరి తోటివాళ్లకి చెప్పినట్టుంది. మరుసటి శనివారం బోర్లిస్తే పద్దెనిమిది చీటీలు రాలాయి. పద్దెనిమిది చేతిరాతలు, ఒకటే ప్రశ్న. అందులో రెడ్ల పిల్లలవీ ఉన్నాయి. ఒకటి ఇన్నారెడ్డి మనవరాలిది.

శౌరమ్మ ఆ రోజు నవ్వలేదు. నోటుబుక్కు తియ్యలేదు. ఆదివారం పిల్లల్ని సమాధుల దొడ్డికి నడిపించి, నన్ను ఆ గోడ మీద పెట్టింది.

"దీనికి జవాబు బైబిల్లో లేదమ్మా. జ్ఞానోపదేశంలోనూ లేదు. ఈ గోడ దేవుడు కట్టలా, మా మామగారు కట్టించారు. అప్పుడు కొత్త కోడల్ని, మేస్త్రీలకి మజ్జిగ పోసింది నేనే. పోయిన ఆదివారం చీటీలు అయిపోయినయ్యని అబద్ధమాడా. అదీ రాసుకోండి."

"అయితే తీసేస్తారా టీచరుగారూ?" అంది ఆరోగ్యమేరి.

శౌరమ్మ నోరు తెరిచేలోగా కబురందిన ఇన్నారెడ్డి వచ్చిపడ్డాడు. నన్ను తీసి బలంకొద్దీ విసిరాడు. ఇవతల నిలబడి విసిరాడు గనక అవతల పడ్డాను. సొట్టపడి మోగిన మోత దొడ్డంతా వినిపించింది. అదొక్కటే నాకు తృప్తి.

శౌరమ్మ దగ్గర్నుంచి పాఠం తీసేసుకున్నారు. ఉపదేశి మళ్లీ వచ్చి అరిచాడు. మేత్రాణులవారు అడిగితే పిల్లలు ఏడు సంస్కారాలూ గడగడా అప్పజెప్పారు. ఫాదరుగారు మురిసిపోయారు.

సమాధుల పండగనాటి సాయంత్రం ఆరోగ్యమేరి నన్ను నాయనమ్మ దిబ్బ మీద నిలబెట్టి, గాలికి ఆరకుండా నాలో కొవ్వొత్తి వెలిగించింది. దొడ్డికి పేటవాళ్ల వైపున్న గేటులోంచి శౌరమ్మ వచ్చింది. నలభై ఏళ్లలో ఆ గేటు తొక్కడం అదే మొదలు. దిబ్బ పక్కన చతికిలబడి, జారిన మట్టిని చేత్తో ఎగదోస్తూ, "ఆరోగ్యం, నాకిక్కడ చోటిస్తారా?" అంది.

పిల్ల కొవ్వొత్తిని నాలో సరిగ్గా నిలబెట్టింది.

"మా పేటోళ్లనడగాలి టీచరుగారూ."

అడగనివ్వండి. గోడ కట్టేటప్పుడు రెడ్లు పేటోళ్లనెవర్నీ అడగలేదు.