చిటికెన వేలు

మీటింగు ఇంకా మొదలే కాలేదు, మీటింగులో తీసుకున్న నిర్ణయం మాత్రం టైపయి బల్ల మీద ఉంది. ‘రెండో షెడ్డు మూసివేతను కార్మిక ప్రతినిధితో సహా డైరెక్టర్లందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు.’ ఆ కార్మిక ప్రతినిధి అదే షెడ్డులో పద్దెనిమిదేళ్లుగా మరమగ్గం నడుపుతున్న పెద్దక్క.

“నేను ఒప్పుకోలేదండీ” అంది ఆమె.

“రాసుకుంటాంలే” అన్నాడు ఛైర్మన్, పెన్ను మూత కూడా తీయకుండా.

బోర్డులో కార్మికులకు ఒక కుర్చీ ఇచ్చామని కంపెనీ ఊరంతా చాటుకుంది. ఇచ్చిన రోజే పెద్దక్క చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంది. లోపల విన్నది బయట చెబితే ఉద్యోగం ఊడుతుంది. చదువుకున్నవాళ్ల పద్ధతి కాబోలనుకుని ఆమె సంతకం పెట్టేసింది. అదే ఆమె చేసిన తప్పు. మూడు మీటింగులకు వెళ్లి మూడుసార్లూ నోరు కుట్టేసుకుని తిరిగొచ్చింది. ఆమె కనబడితే చాలు, షెడ్డులో మాటలు ఆగిపోయేవి.

ఈసారి కుళాయి దగ్గర, అదే షెడ్డులో పనిచేసే ఆడపడుచే నిలదీసింది.

“కుర్చీ మెత్తగా ఉందా వదినా?”

“అదేం మాటే?”

“ఏం తేల్చారు లోపల?”

“చెప్పకూడదు.”

“మా ఓట్లతో వెళ్లి మాకే చెప్పకూడదా? నిన్ను కొనేశారంటున్నారు అందరూ. నేనొక్కదాన్నే కాదంటూ వచ్చాను. ఇక నావల్ల కాదు.”

పెద్దక్క కుళాయి కట్టేసి షెడ్డులోకి నడిచింది. చెబితే తన ఇల్లు గడవదు. చెప్పకపోతే నాలుగు వందల ఇళ్లు గడవవు. ఇంకా ఆలోచించడానికేముందో మీరే చెప్పండి.

మగ్గాల హోరులో నోటిమాట వినబడదు. షెడ్డువాళ్లు చేతులతోనే మాట్లాడుకుంటారు, పేరుకు బదులు మనిషికో సైగ కూడా ఉంటుంది. మగ్గంలో చిటికెన వేలి కొస పోగొట్టుకున్న పెద్దక్కకైతే చిటికెన వేలు మడిచి చూపిస్తారు. ఆమె నూలు పెట్టె ఎక్కి చేతులెత్తింది. మన షెడ్డు మూసేస్తున్నారు. నేను ఒప్పుకున్నానని దొంగరాత రాశారు.

పక్క మగ్గం ఆగింది. తర్వాత వరసంతా ఆగింది. కాసేపటికి షెడ్డులో ఎవరిదో దగ్గు కూడా వినబడింది.

గంటలో మేనేజరు కాగితం పట్టుకుని వచ్చాడు. “ఈమెను ఉద్యోగంలోంచీ బోర్డులోంచీ తీసేశాం. మీ కుర్చీ మీకే ఉంటుంది. నమ్మకమైనవాళ్లను ఎన్నుకోండి.”

“ఎవరికి నమ్మకమైనవాళ్లను సార్?” అడిగాడు ముసలి మెకానిక్కు.

మేనేజరు ఆ మాట విననట్టే, “తొందరగా పేరు చెప్పండి” అన్నాడు.

ముందు ఆడపడుచు చెయ్యి లేచింది, చిటికెన వేలు మడిచి. ఆ వెనక నాలుగు వందల చేతులు అలాగే లేచాయి. మేనేజరుకు ఆ భాష రాదు. “ఎవరు? ఎవరంటున్నారు?” అని అడుగుతూనే ఉన్నాడు. ఒక్క మగ్గం కదల్లేదు.