దీపం పెట్టాక వచ్చిన చేప

లింగంపల్లి స్టేషనుకు ఇవతల రుక్కమ్మ పెంకుటింట్లో సగం వాటా అద్దెకు తీసుకుని కాపురముంటున్న పుణ్యవతికి ఆ ఊళ్లో మొదట స్నేహమైంది మనుషులు కాదు, ఒక బంగారు చేప. భర్త కామేశ్వరరావు ఫ్యాక్టరీకి వెళ్లిపోయాక ఆమె చిన్న అద్దాల తొట్టి ముందు కూర్చునేది. అద్దానికి వేలు ఆనిస్తే చేప ఆ వేలి వెంటే తిరిగేది. ఏడాది గడిచేసరికి అది అరచెయ్యంత అయింది. వెనక్కి తిరగాలంటే తోక అద్దానికి రాసుకునేది.

కామేశ్వరరావు ఇనుప చట్రంతో పెద్ద తొట్టి చేయించాడు. ఫిల్టరు దగ్గరే ఇద్దరికీ కుదరలేదు. పాత తొట్టి మూలన దూది కుక్కిన ప్లాస్టిక్ డబ్బా ఉండేది. మోటారు గాలి ఊదుతుంటే నీళ్లు ఆ దూదిలోంచి వడకట్టుకుని వచ్చేవి. కొత్త రకంలో డబ్బా ఉండదు. అడుగున చిల్లుల పలక, దాని మీద రాళ్లు. ఆ రాళ్లే నీళ్లను వడకడతాయి.

"పాతదాన్నీ ఓ మూల ఉంచుదామండీ. చేపకు అలవాటైన డబ్బా కదా."

"అలవాటు దానికా, నీకా? ఇంటికొచ్చినవాళ్లు చేపను చూడాలా, మురికి దూదిని చూడాలా?"

పలకే గెలిచింది. పాత తొట్టి, డబ్బా, బంగారు చేపకు తోడుగా అందులో వేసిన నల్ల చేపపిల్లలతో సహా రుక్కమ్మ వాటాలోకి వెళ్లాయి.

పాత తొట్టి అడుగున పరిచిన రాళ్లను మాత్రం పుణ్యవతి ఉంచుకుంది. వాటి మీది జిగట ఆమెకు నచ్చలేదు. పుట్టింట్లో ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు, బూడిద పెట్టి తోమింది. మరిగే నీళ్లు పోసి, ఎండలో ఆరబెట్టి, తళతళలాడుతుంటే పలక మీద పరిచింది.

నాలుగు రోజులు తిరక్కుండానే నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి. చేప పైకి తేలి నోరు తెరిచి గాలి మింగసాగింది. కామేశ్వరరావు నీళ్లు మార్చాడు. మర్నాటికి మళ్లీ అంతే. సాయంత్రం అతను రాత్రి డ్యూటీకి వెళ్లాక పుణ్యవతి అద్దానికి వేలు ఆనించింది. చేప రాలేదు.

అప్పుడే రుక్కమ్మ గిన్నెతో వచ్చింది. "పుణ్యమ్మా, జర తోడు వెయ్యి బిడ్డా. మా పెరుగు పిల్లి ముట్టింది. దీపం పెట్టకముందే ఇయ్యి."

పుణ్యవతి ఒక చెంచా పెరుగు వేసింది. "ఇంకొంచెం వెయ్యనా?"

"చాలు. గింత పడితే సర్వెడు పాలు అవే తోడుకుంటయ్." ఆమె చూపు తొట్టి మీద పడింది. "ఏంది, గిట్ల నోరు తెరుస్తున్నది?"

"ఏమో పిన్నిగారూ. మీ చేపపిల్లలు ఎలా ఉన్నాయి?"

"మస్తుగున్నయ్. నేను కడిగేది లేదు, తోమేది లేదు. నీ డబ్బ నల్లగ గబ్బుపట్టింది. నువ్వు సూస్తే నన్ను తిడ్తవ్." నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

పుణ్యవతి చేతిలో పెరుగు చెంచా అలాగే ఉంది. దానికేసి చూసింది, మెరుస్తున్న రాళ్లకేసి చూసింది. తను తోమింది మురికినొక్కదాన్నే కాదేమో! ఆ జిగటలోనే నీళ్లను బాగుచేసేదేదో ఉండి ఉంటుంది.

పరుగున పక్క వాటాకు వెళ్లేసరికి రుక్కమ్మ దీపం వెలిగించి దణ్ణం పెడుతోంది.

"పిన్నిగారూ, ఆ డబ్బాలో దూది కాస్త ఇస్తారా?"

"పొద్దుగాల ఇస్త. దీపం పెట్టినంక మా ఇంట్లకెల్లి ఏదీ బయటికి పోదు."

"అది మురికేనండీ!"

"మురికి అడుక్కునేటోళ్లల్ల నిన్నొక్కదాన్నే సూసిన. మురికైనా నా ఇంటిదే గద."

పుణ్యవతి గుమ్మంలో నిలబడిపోయింది. పొద్దుటిదాకా చేప ఆగుతుందన్న నమ్మకం లేదు. ఉన్నట్టుండి అడిగింది: "బయటికి పోకూడదు, సరే. లోపలికి రావచ్చా?"

"ఏంది వచ్చేది?"

జవాబు చెప్పకుండా వెళ్లి, చేపను స్టీలు బకెట్లో పెట్టుకుని వచ్చింది. దీపం వెలుగులో దాని పొలుసులు మెరిశాయి. రుక్కమ్మ రెండు చేతులూ జోడించింది. "దీపాలయాళ్లకు బంగారం ఇంట్లకొస్తే ఎవలు వద్దంటరు? రానియ్యి, రానియ్యి!"

పాత తొట్టిలో చేపకు తిరగడానికి చోటు లేదు. అయినా కొంతసేపటికి గాలి మింగడం మానేసి, నల్లబడ్డ డబ్బా పక్కకు దిగి నిలబడింది.

తెల్లవారి రుక్కమ్మ సగం దూదిని నిన్న పెరుగు తీసుకున్న గిన్నెలోనే వేసి ఇచ్చింది. డ్యూటీ దిగి వచ్చిన కామేశ్వరరావు చేపలేని తొట్టిని చూశాడు.

"చేపేది?"

"పక్కింట్లో ఉందండీ. నీళ్లు బాగుపడ్డాక వస్తుంది." జరిగిందంతా చెప్పింది.

అతను గిన్నెలోని దూదిని చూసి ముక్కు చిట్లించాడు. అయినా ఆ పూటే బజారుకు వెళ్లి పాతదానిలాంటి డబ్బా తెచ్చి, ఆ దూదినే అందులో కుక్కి, పలకతోపాటు దానికీ గాలి గొట్టం కలిపాడు.

నీళ్లు అద్దంలా తేరాక, పుణ్యవతి చేప కోసం బకెట్టు పట్టుకుని వెళ్లింది.

రుక్కమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇయ్యాల శుక్రవారం. లక్ష్మిని ఎట్ల పంపుతరే? రేపు తీస్కపో."

పుణ్యవతికి నవ్వొచ్చింది. బకెట్టు కింద పెట్టి, లోపలికి వెళ్లి, తొట్టి ముందు కూర్చుని అద్దానికి వేలు ఆనించింది. చేప వచ్చింది.