ఎవరిస్తో మిగిల్చిన పన్ను

ఎవరిస్తో పాంతోహా అనే పెద్దమనిషి నికనోర్‌కి పద్నాలుగేళ్ళు మేలు చేశాడు. అలాంటి మేలు పగవాడికి కూడా జరగకూడదు. పగవాడు పొడిస్తే నెత్తురు కనబడుతుంది, కట్టు కట్టుకుంటాం. ఎవరిస్తో పొడిచినప్పుడల్లా నికనోర్ అతని చేతిలో వేడి రొట్టెల సంచీ పెట్టి, గుమ్మం దాకా సాగనంపి వచ్చాడు.

ఎవరిస్తో పరాయివాడు కాడు. నికనోర్ పెద్దకూతురికి చర్చిలో నీళ్ళు పోసినప్పుడు చేతుల్లోకి ఎత్తుకున్న జ్ఞానతండ్రి. ఆ రోజు నుంచీ ఇద్దరూ ఒకరికొకరు కొంపాద్రే. తోడబుట్టినవాడితో తగాదా పడొచ్చు గాని, కొంపాద్రే మాట శంకించడం వలస వచ్చిన మనవాళ్ళలో లేదు. అందులోనూ ఎవరిస్తో నాలుగు ముక్కలు చదివినవాడు. నికనోర్ ఆరో తరగతితో బడి మానేసి, ద్రాక్షతోటల్లో వంగి వంగి నడుం విరగ్గొట్టుకుని, ఆ కూడబెట్టిన దాంతో ఫ్రెస్నోలో పాత రైలు పట్టాల పక్కన మొక్కజొన్న రొట్టెల కొట్టు పెట్టినవాడు.

కొట్టు మంచి కొట్టు. సున్నపు నీళ్ళలో ఉడికిన మొక్కజొన్నను నల్లరాతి మరలో విసురుతాడు. పది రోజులకోసారి మర విప్పి, ఉలీ సుత్తీ పట్టుకుని అరిగిన రాళ్ళకు తనే గంట్లు పడేలా కక్కు కొట్టుకుంటాడు. పిండి కొనేవాళ్ళు, రొట్టెలు కొనేవాళ్ళు ఆదివారం వీధి మలుపు దాకా నిలబడతారు. అంతా చేతి డబ్బే. చీటీ లేదు, రసీదు లేదు.

ఏటా మార్చిలో ఎవరిస్తో ముందుగదిలో పన్ను కాగితాల జాతర. తోటమాలులు, రంగులు వేసేవాళ్ళు, బళ్ళ మీద పండ్లు అమ్మేవాళ్ళు, చెప్పుల పెట్టెల్లో రసీదులు కుక్కుకుని వచ్చి కూర్చునేవారు. మనిషికి నూట యాభై డాలర్లు రాతకూలి. నికనోర్ వంతు రాగానే ఎవరిస్తో కళ్ళజోడు సర్దుకుని ఏటా ఒకే మాట అనేవాడు.

"ఎంత వచ్చిందో నాకు చెప్పకు కొంపాద్రే. ఎంత కట్టగలవో చెప్పు."

ఆ మాటకు గదంతా నవ్వేది. తరవాతి ఆదివారం చర్చి మెట్ల మీద మగాళ్ళ పోటీ నడిచేది, ఎవరు ఎంత తక్కువ కట్టారని. ఒకడు ఆరు వందలంటే, ఇంకొకడు నాలుగు వందలనేవాడు. నికనోర్ అందరి మాటా అయ్యేదాకా ఆగి, "రెండు వందల పది" అని మీసం దువ్వుకునేవాడు. భార్య ఒతీలియాకు మాత్రం ఇది నచ్చేది కాదు. కాగితంలో మనం అడుక్కు తింటున్నాం, కొట్టు ముందేమో తిరునాళ్ళలా ఉంది, రేపెవరైనా అడిగితే ఏం చెబుతావని సతాయించేది. ఎవరడుగుతారే అని అతను నవ్వి ఊరుకునేవాడు.

అడిగే రోజు వచ్చింది. కొట్టు ఉన్న భవనం ఒక ఆర్మీనియా ముసలమ్మది. ఆవిడ పోయింది. కొడుకు లాస్ ఏంజిలిస్ నుంచి వచ్చి, అమ్మేస్తున్నాను, మూడు లక్షల పదివేలు, ముందు నీకే అడుగుతున్నాను, అరవై రోజుల్లో కొనకపోతే ఖాళీ చెయ్యమన్నాడు. మర నేలలో సిమెంటుతో పాతి ఉంది. ఇంకో చోట ఇలాంటిది పెట్టాలంటే మళ్ళీ పద్నాలుగేళ్ళు కావాలి. నికనోర్‌కు యాభై ఆరు.

జకతేకస్‌లో, పుట్టిన దేశంలో, హెరెస్ ఊరి పక్కన, తండ్రి విడిచిన మూడు హెక్టార్ల భూమి, అందులో ఒక బావి ఉన్నాయి. ఫోన్లోనే బేరం చేసి దాన్ని తమ్ముడి బావమరిదికి అమ్మేశాడు. ఆ డబ్బు బయానా. మిగతాదంతా అప్పు తేవాలి.

ఒప్పందం కాగితం పట్టుకుని మళ్ళీ కొంపాద్రే దగ్గరికే పోయాడు. అందులో ఒక షరతు ఉంది. అప్పు దొరక్కపోతే బయానా తిరిగిచ్చేయాలని. ఎవరిస్తో దాని మీద వేలు పెట్టి, "ఇది కొట్టేయిస్తానను, వాడు ఐదువేలు తగ్గిస్తాడు. నీ కొట్టు చూస్తే అప్పివ్వని వాడెవడు?" అన్నాడు. ముసలమ్మ కొడుకు నిజంగానే ఐదువేలు తగ్గించాడు. నికనోర్ సంతకం చేసి, ఆ రాత్రి కొంపాద్రే ఇంటికి మేకమాంసం పంపించాడు.

మనవాళ్ళ చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే సంస్థ ఒకటి ఊళ్ళో ఉంది. అక్కడ కూర్చునేది యెసేనియా బరాగాన్ అనే అమ్మాయి. మనపిల్లే, తల్లి ద్రాక్ష ఎండబెట్టే చోట పనిచేసింది. మూడేళ్ళ పన్ను కాగితాలు తెమ్మంది. తెచ్చాడు. చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"దోన్ నికనోర్ గారూ, మీ కొట్టు ఏడాదికి పదకొండు వేల నాలుగు వందలు సంపాదిస్తోందని ఉంది."

"అది కాగితమమ్మా. ఆదివారం వచ్చి వరస చూడు."

ఆ పిల్ల వచ్చింది, పాపం. వరసలో నలభై నిమిషాలు నిలబడి రెండు డజన్ల రొట్టెలు కొనుక్కుంది. సోమవారం మాత్రం, నా కళ్ళు నమ్మినా మా వాళ్ళు కాగితాన్నే నమ్ముతారంది. ఈ కాగితం ప్రకారం ఈ కొట్టు మీ ఇంటిల్లిపాదికీ తిండే పెట్టలేదు, నెలనెలా వాయిదా ఎలా కడుతుందంది. ఒక్క దారి ఉంది, మూడేళ్ళ లెక్కలూ ఉన్నదున్నట్టు తిరగరాసి, ఎగ్గొట్టిన పన్ను, జరిమానా కట్టేస్తే దరఖాస్తు మళ్ళీ చూస్తారు. అంచనా వేసి చెప్పింది, ముప్పై ఎనిమిది వేలు. ఆ పని తేలడానికి ఆరు నెలలు. ఒప్పందంలో మిగిలింది ఇరవై రెండు రోజులు.

నికనోర్ తను రాయలేదని, రాసినవాడు వేరే ఉన్నాడని చెప్పాడు. యెసేనియా కాగితం అతని వైపు తిప్పింది.

"రాసిపెట్టినవాళ్ళ పేరు, సంతకం ఇక్కడుండాలండి. మూడేళ్ళూ ఖాళీయే. మీరే స్వయంగా రాసుకున్నట్టు లెక్క."

అతను ఆ ఖాళీ గడిని వేలితో తడిమాడు. ఏటా సంతకం పెట్టినప్పుడు దాని పక్కనే తన చెయ్యి కదిలింది. ఒక్కసారీ చదవలేదు. చదవడమంటే కొంపాద్రేను అవమానించడమనుకున్నాడు.

ఆ కాగితం పట్టుకుని కొంపాద్రే ఇంటికి పోయి అడిగాడు. ఎవరిస్తో దాచలేదు, బొంకలేదు. కాఫీ పోసి ముందు పెట్టాడు.

"పేరు పెట్టేవాణ్ణయితే నూట యాభైకి చేస్తానా కొంపాద్రే?"

"నన్ను ముంచావు."

"పద్నాలుగేళ్ళు నీకు పన్ను మిగిల్చాను. చర్చి మెట్ల మీద అందరికీ చెప్పుకున్నది నువ్వే. అప్పుడు ఒక్కసారైనా వద్దన్నావా?"

 ఫిర్యాదు చేద్దామంటే కాగితాల మీద సంతకం నికనోర్‌దే. దొంగకు తేలు కుట్టినట్టయింది. కాఫీ తాగకుండా లేచి వచ్చేశాడు. పద్నాలుగేళ్ళలో అదొక్కటే అతను చేయగలిగిన మర్యాద తక్కువ పని.

బ్యాంకులు తిరిగాడు. ఒకచోట నవ్వారు, మరోచోట కుర్చీ కూడా వెయ్యలేదు. వారం వారం కోసుకునే వడ్డీవాడొకడు ఇస్తానన్నాడు గాని, వాడు ఇచ్చేది బయానా అంత కూడా లేదు.  ఒతీలియా మునుపటిలా సతాయించి ఉంటే బాగుండేది. రొట్టెలు తిప్పుతూ గోడవైపు తిరిగి నిలబడేది.

అరవయ్యో రోజున ముసలమ్మ కొడుకు మనిషి తాళం తెచ్చాడు. షరతు కొట్టేయించుకున్నందుకు బయానా తిరిగి రాలేదు. నేలలో పాతినవి భవనంతోనే పోతాయని అద్దె కాగితంలో ఉందట. అదీ చదవలేదు. రాళ్ళు రెండూ మాత్రం విప్పుకోనిచ్చాడు. మొన్న కొట్టిన కక్కు ఇంకా పదునుగా ఉంది. అవి ఇప్పుడు ఇంటి పెరట్లో తడుస్తున్నాయి. నికనోర్ మళ్ళీ ద్రాక్షతోటకే పోతున్నాడు.

ఈ మార్చిలోనూ ఎవరిస్తో ముందుగది నిండింది. చర్చి మెట్ల మీద రంగులు వేసే కుర్రవాడొకడు నూట తొంభైకి దిగాడని చెప్పుకున్నారు. నికనోర్ నోరు విప్పలేదు. చెబితే నమ్మరు, నమ్మితే నవ్వుతారు.

పోయింది మూడు హెక్టార్లు, ఒక బావి. డాలర్లలో చెప్పాలంటే పదిహేను వేల రెండు వందల యాభై.