తాడు రెండో కొస

“తాడు కొస పట్టుకునుడు గూడ ఒక పనేనా? గోడకు మేకు కొడితే మేకు గూడ పట్టుకుంటది.”

ఉప్పలయ్య ఈ మాట అన్నది లారీ డ్రైవర్ సక్రుతో. అన్నది తన పెళ్లాం తిరుపతమ్మ గురించి. ఆమెకు వినబడకూడదని గొంతేమన్నా తగ్గించాడా అంటే అదీ లేదు. కొలిమికి ఇరవై అడుగుల దూరంలో, దొడ్డి చివరి తాటాకు పాకలో పిడకలు చరుస్తూ ఆమె విన్నది. ముట్టయి ఆ రోజుకు మూడో రోజు. వంటింటి గడప తొక్కరాదు, నీళ్ల కుండ తాకరాదు, కొలిమి ఛాయలకు అసలే రాకూడదు. పెండ మాత్రం ఎత్తవచ్చు. పెండకు ఏ మైలా ఎందుకు అంటుకోదో అత్త వీరమ్మకే తెలియాలి.

ఉప్పలయ్యకు సూర్యాపేటలో లారీల మిస్త్రీ అని పేరు. కమ్మరి పనిలోంచి ఈ పనిలోకి వచ్చాడు. నిరుడు పోలీసు చర్యకని మిలిటరీ వచ్చిపోయాక వేలంలో అమ్మిన లారీలను ఊళ్లో షావుకార్లు కొన్నారు. కోదాడ దాటి హుజూర్‌నగర్ వైపు పొలాల బాటల్లో అవి బురదలో కూరుకుపోతుంటే, ఎత్తు చేయించడానికి ఈయన దగ్గరకే తెచ్చేవారు. బరువు మోసే కమాన్ పట్టీలకూ, కింద వెనక ఇరుసుకూ మధ్య బెత్తెడు ఎత్తు ఇనుప దిమ్మలు పెడితే లారీ పైకి లేస్తుంది. దిమ్మకు నడుమ ఒక బెజ్జం. పట్టీల బోల్టు తల అందులో కూర్చుంటుంది. ఇరుసు ఎక్కడ నిలవాలో చెప్పేది ఆ బెజ్జమే.

ఈ దిమ్మలను ఎవరు చేశారని ఊళ్లో ఎవర్నడిగినా ఉప్పలయ్య అనే చెబుతారు. ఎర్రగా కాలిన ఇనుమును ఆయన పట్టకారుతో పట్టుకున్న మాట నిజమే. బెజ్జం పడేదాకా సమ్మెట వేసింది తిరుపతమ్మ. అంతకుముందు తిత్తి ఊదిందీ, అటు తరువాత అన్నం వండిందీ, ఆయన వీపుకు నూనె రాసిందీ తిరుపతమ్మే. ఆమె వీపుకు ఎవరూ రాయలేదు. మిర్యాలగూడలో పుట్టింటి కొలిమిలోనూ ఇంతే. అమ్మ సమ్మెట వేసివేసి కుడి భుజం పైకి లేవకుండా పోతే, ఊరంతా నాయనను చూసి ఎంత పనిమంతుడో అన్నది. ఆ మాటలు వింటూ పెరిగిన పిల్ల కాబట్టి తనకు పేరు రావాలని తిరుపతమ్మ ఎన్నడూ అనుకోలేదు. అనుకోలేదు గానీ ఆ మేకు మాట మాత్రం గొంతులో అడ్డం పడింది. ఆరు లారీలు ఎత్తు చేశారు ఇద్దరూ కలిసి. ఆరింటికీ, పని అయిపోయాక ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమకు తాడు పట్టి, కుడివైపు ఎంతుందో ఎడమవైపూ అంతే ఉందా అని చూశారు. రెండో కొస పట్టుకున్నది ఆమె. పట్టుకుని ఊరుకోలేదు, ఒక కన్ను మూసి లారీ పొడవునా చూసేది. “జర ముందుకు, ఇంకింత” అని చెప్పేది. ఆ “ఇంకింత” ఎక్కడ నుంచి వస్తుందో ఆయన ఒక్కసారీ అడగలేదు.

ఈసారి దిమ్మలకు బెజ్జాలు సరిగ్గా నడుమ పడలేదు. రెండింటికీ అరంగుళం ఒకే పక్కకు జరిగాయి. రెండూ ఒకే మొహాన పెడితే ఏం కాదు, ఒకటి తిరగబడిందా ఇరుసు వంకరే. తిరుపతమ్మ రెండింటి మీదా సున్నంతో బొట్టు పెట్టి, “బొట్టున్న మొహం ముందటికి ఉండాలె, యాది మరువకు” అని చెప్పింది. “సరే తియ్” అన్నాడాయన. తెల్లారేసరికి ఆమెకు ముట్టు. వీరమ్మ పసుపు నీళ్ల చెంబు పట్టుకుని, ముందు రోజు కోడలు తాకినవన్నీ కడుక్కుంటూ వచ్చింది. సమ్మెట కడిగింది, తిత్తి కడిగింది, దిమ్మలు కడిగింది. మైల పోయిందో లేదో గానీ సున్నం బొట్లు పోయాయి. ఆ సంగతి తిరుపతమ్మకు పాకలో కూర్చున్నాక తట్టింది. అడిగితే ఉప్పలయ్య, “నాకెరుకలేదా?” అన్నాడు. రెండో కొస పట్టే మనిషి లేదని, ఈసారి అసలు తాడే పట్టలేదు.

ఇప్పుడు లారీ దొడ్డిలో ఒక చుట్టు తిరిగి వచ్చి వాకిట్లో ఆగింది. పొద్దున వాన కురిసి నేల మెత్తగా ఉంది. తిరుపతమ్మ పెండ చేతులతోనే లేచి నిలబడి టైర్ల జాడ చూసింది. లారీ సీదా నడిచిన చోట ముందు టైరు పోయిన దారిలోనే వెనక టైరు పోవాలి. అలా పోలేదు. నాలుగు వేళ్లు కుడికి జరిగి వేరే జాడ పడింది.

వాకిట్లో నాట్లకు పోయే ఆడవాళ్లు అప్పుడే మూటలు లారీ ఎక్కిస్తున్నారు. ఇరవై మంది. కోదాడ అవతల ఊళ్లో నాట్లు. దారిలో వాగు మీద వంతెన లేదు, మిలిటరీ వాళ్లు పరిచిపోయిన రెండు ఇనుప పలకలు ఉన్నాయి. టైరుకు అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు జాగా. కింద వాన నీళ్లు. పక్కింటి బక్కమ్మ లారీ అంచున కూర్చుని, “పోయొస్త పిల్లా, పైలం” అని చెయ్యి ఊపింది. ఈ మూడు రోజులు పాక దగ్గరకు వచ్చి తాగడానికి నీళ్లు పోసింది ఆ బక్కమ్మ ఒక్కతే.

“సక్రన్నా! స్టీరింగు ఎటు గుంజుతున్నది?” తిరుపతమ్మ పాకలోంచే అరిచింది.

“ఎడమకక్కా. కుడికి గట్టిగ పట్టుకుంటేనే సీద పోతున్నది.”

“గాలి తక్కువున్నది టైర్ల. కొడితే ఖతం,” అన్నాడు ఉప్పలయ్య.

“గాలి కాదు. నేల మీద జాడ సూడు. దిమ్మ ఒకటి తిరగబడ్డది. గా పలకల మీద ఎనక టైరు నిలువది.”

ఉప్పలయ్య నేల వైపు చూడలేదు. వాకిట్లో ఉన్న ఆడవాళ్ల వైపు చూశాడు. ముఖం ఎర్రబడింది. “మూడొద్దులు నోరన్న మూసుకొని కూసో. నాకు పని నేర్పుతవా? సక్రూ, బండి స్టార్ట్ చెయ్.”

తిరుపతమ్మకు భయం వేసింది. ఆయనంటే భయం, అత్త అంటే భయం, అన్నింటికన్నా కొలిమి అంటే భయం. ముట్టు మనిషి నీడ పడితే నిప్పు ఆరిపోతుందని పుట్టింట్లో కూడా చెప్పారు. ఆమె నమ్మింది కూడా. కానీ ఆ జాడ ఆమె కళ్ల ముందే ఉంది, దాన్ని చూడలేదనుకోవడం ఆమె చేతకాలేదు. గుంతలో నిలిచిన వాన నీళ్లలో చేతులు కడుక్కుంది. దొడ్డి దాటింది. కొలిమి గుంజకు వేలాడుతున్న కొలత తాడు తీసింది.

“అయ్యో అయ్యో, ముట్టుతోని కొలిమికొచ్చింది! కొలిమి ఆరుతది, ఇనుము ఇరుగుతది, ఇల్లు మునుగుతది!” వీరమ్మ గుండెలు బాదుకుంది. ఉప్పలయ్య చెయ్యి పైకి లేచింది. తిరుపతమ్మ ఆగలేదు.

“సక్రన్నా, స్టీరింగు సీద పెట్టి దిగు. గీ కొస ముందు చక్రం నడుమ పట్టుకో.”

సక్రు మిస్త్రీ వైపు చూశాడు, తాడు వైపు చూశాడు. “తోలేది నేనాయె మిస్త్రీ. జర సూడనియ్,” అని కొస అందుకున్నాడు. ఆమె కుడి వెనక చక్రం నడుమ తాడు బిగించి ముడి వేసింది. అదే తాడు ఎడమవైపు పట్టారు. ముడి చక్రం నడుమ దాటి అంగుళం వెనక్కు పోయింది. ఎడమ వైపు ఇరుసు అంగుళం ముందుకు ఉంది. ఆమె ఆ ముడి మీద వేలు పెట్టి నిలబడింది.

ఉప్పలయ్య చూశాడు, చూసీ కదల్లేదు. లారీ మీద నుంచి మొదట బక్కమ్మ దిగింది. “దిమ్మ సక్కగ కూసుండేదాక మేం ఎక్కం,” అన్నది. ఒకరి వెనక ఒకరు ఇరవై మందీ దిగారు. అప్పుడు ఆయన జాకీ తెచ్చాడు.

ఎడమ దిమ్మ తిప్పి మళ్లీ బిగించేసరికి మధ్యాహ్నమైంది. తాడు పట్టి చూస్తే రెండు వైపులా ముడి చక్రం నడుమనే కూర్చుంది. లారీ దొడ్డిలో సీదా పోతే రెండే జాడలు పడ్డాయి. పొద్దుగూకే వేళకు సక్రు ఆడవాళ్లను దింపి ఖాళీ లారీ తోలుకొచ్చి, “పలకల మీద పైసంత గూడ అటిటు కాలే అక్కా,” అని పాక వైపు అరిచి చెప్పాడు.

పాక వైపే. ఎందుకంటే కొలిమిని మైలపరచిన తప్పుకు వీరమ్మ కోడల్ని ఇంకో మూడు రోజులు బయట కూర్చోబెట్టింది. లారీ షావుకారు వస్తే ఉప్పలయ్య, “నాకే జర అనుమానమొచ్చి తాడు పట్టి సూసిన,” అన్నాడు. ఆ మాట కూడా ఆమె విన్నది. ఏడుపు రాలేదు. కొలిమిలో నిప్పు రాజుకుంటున్న చప్పుడు విన్నది. ఆమె నీడ పడ్డ నిప్పే అది, ఆ పూట కూడా ఆరలేదు. ఆ మూడు రోజులూ ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది.

తరువాతి నెల తిరుపతమ్మ బయట కూర్చోలేదు. ఆపై నెలా కూర్చోలేదు. రోజూ తిత్తి ఊదింది, సమ్మెట వేసింది, రెండు లారీలకు తాడు పట్టింది. తెల్లవారకముందే కొంగు చాటున తడి గుడ్డలతో బక్కమ్మ ఇంటి వెనక్కు ఎందుకు పోయి వస్తున్నదో ఎవరూ అడగలేదు. వీరమ్మ మాత్రం వేళ్లు మడిచి నెలలు లెక్క పెట్టుకుంటూ, కోడలి కంచంలో నెయ్యి ఒక చెంచా ఎక్కువ వేయసాగింది. మూడో నెల ఒకనాడు ముఖమంతా నవ్వు చేసుకుని కొలిమి దగ్గరకు వచ్చి, కొడుకు వింటుండగానే అడిగింది.

“ఏమే పిల్లా, కడుపైందా?”

తిరుపతమ్మ సమ్మెట దించి కొంగుతో చెమట తుడుచుకుంది.

“కాలేదత్తా. నెలనెలా వస్తనే ఉన్నది, ఇయ్యాల గూడ ఉన్నది. కొలిమి ఆరిందా? ఇనుము ఇరిగిందా?”