చొక్కా చేతి మీద రెండు గీతలు

రోజుకు ఇరవై మందికి మెసేజులు రాసేదాన్ని, అక్క పేరుతో. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, నేను పనిచేసే లాండ్రీ యజమానురాలు. ఉద్యోగాలవాళ్ళు ఒకరినొకరు పరిచయం చేసుకునే సైటులో ఆవిడ ఫొటో, ఆవిడ పేరు ఉంటాయి. వెనక కూర్చుని టైపు చేసే వేళ్ళు మాత్రం నావి.

అంతకుముందు నాది ఇస్త్రీ బల్ల. లాండ్రీ వెనకగదిలో ఆరు బల్లలు, ఒక బాయిలరు, పొద్దంతా ఆవిరి. నా కూతురికి రెండేళ్ళు. ఆ ఆవిరి తగిలిందంటే చాలు, దాని ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. దాన్ని ఆ గదిలోకి తేవద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. ఇంట్లో చూసే దిక్కు లేదు. మా ఆయన బస్సు నడుపుతాడు. ఏ పూట డ్యూటీ పడుతుందో ముందురోజు దాకా ఆయనకే తెలియదు. పని మానేద్దామనుకుంటున్న సమయంలో అక్క నన్ను ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. ఆ గదికి కిటికీ ఉంది. బల్ల కింద తువ్వాళ్ళు మడిచి పరిస్తే పాప అక్కడే ఆడుకుంటుంది, అక్కడే నిద్రపోతుంది.

అక్కకు మూడు షాపులున్నాయి. ఇక తను కొత్తవి తెరవకుండా, తన పేరూ తన పద్ధతీ ఇచ్చి వేరేవాళ్ళ చేత షాపులు పెట్టించాలని ఆలోచన. ఫ్రాంచైజీ అంటే అదే. అలాంటివాళ్ళు ఆ సైటులోనే దొరుకుతారని చెప్పింది అక్క తమ్ముడు. ఎక్కడ ఏ సమావేశం జరిగినా మెడలో బిళ్ళ వేసుకుని వెళ్ళొస్తాడు కాబట్టి మేమంతా ఆయన్ని సెమినార్ అంటాం, ఆయన లేనప్పుడు. నెలాఖరులోగా ఐదుగురు షాపుకు వచ్చి అక్కతో మాట్లాడాలి. రాకపోతే ఈ పని బయటి కంపెనీకి పోతుంది, నేను మళ్ళీ ఆవిరిలోకి పోతాను. మరి పాప? ఆ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి నా బుర్ర ఆగిపోయేది.

ఏం రాయాలో కూడా సెమినారే రాసిచ్చాడు. ‘ప్రియమైన కాబోయే వ్యాపారవేత్త గారికి, రోజుకు రెండు గంటలు కేటాయించండి చాలు, మీ జీవితానికి మీరే యజమాని.’ మా పేజీ మీద కూడా పెద్ద అక్షరాలతో అదే ఉంది. మూడు వారాల్లో నాలుగు వందల మందికి పంపాను. ఆరుగురు జవాబిచ్చారు. అందులో ఇద్దరు బీమా చేయించుకోమన్నారు. ఒకాయన మమ్మల్నే తన టీకొట్టు ఫ్రాంచైజీ తీసుకోమన్నాడు.

“ఓపిక పట్టాలమ్మా. వల వేసి గట్టు మీద కూర్చోవాలి,” అన్నాడు సెమినార్.

“మీకు గట్టుంది అన్నయ్యా. నాకు పది రోజులే ఉన్నాయి.”

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ మంచినీళ్ళకని ముందుగదిలోకి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తున్న మనిషి. నాకు ఇస్త్రీపెట్టె పట్టుకోవడం నేర్పింది ఆవిడే. గ్లాసు చేత్తో పట్టుకునే తెర మీద ఫొటోలు చూడడం మొదలుపెట్టింది.

“ఈయన చొక్కా బయట ఇచ్చిందే. ఇతనిదీ అంతే. వీడు అసలు ఇస్త్రీయే చేయించలేదు, మీద కోటు వేసి కప్పేశాడు దొంగ. ఇదిగో, ఈవిడ మాత్రం తనే చేసుకుంది.”

“ఎలా తెలిసింది పెద్దమ్మా?”

“నేర్పించాక కూడా అడుగుతావేంటే? చెయ్యి మీద చూడు, రెండు గీతలు లేవూ? ఇంట్లో చేసుకునేవాళ్ళకి రెండోసారి తిప్పేటప్పుడు బట్ట జరుగుతుంది. పాత గీత పక్కన కొత్త గీత పడుతుంది. మనకైతే ఒక్కటే పడాలి, లేకపోతే నీ యజమానురాలు తంతుంది.” గ్లాసు బోర్లించి, వెళ్తూ వెళ్తూ అంది. “తన బట్ట తను చేసుకునేవాళ్ళే ఈ పనిలో నిలబడతారు. మిగతావాళ్ళు ఆవిరి చూసి పరుగో పరుగు.”

ఆ రోజు నుంచి హోదాలు, అనుభవాలు చూడడం మానేశాను. ఫొటోలు పెద్దవి చేసి చేతులు చూడడం మొదలుపెట్టాను. సెమినార్ రాసిచ్చింది పక్కన పెట్టి ఇలా రాశాను. ‘మీ చొక్కా చేతి మీద రెండు గీతలున్నాయి. ఇస్త్రీ మీరే చేసుకుంటారనుకుంటాను. మాది లాండ్రీ. మా పేరుతో షాపు పెట్టే ఆలోచన ఉంటే ఒకసారి వచ్చి చూడండి.’

ఒకాయన, నా చొక్కా గొడవ నీకెందుకని తిట్టాడు. ఇంకొకాయన, అది చేసింది తను కాదు, తన భార్య అని, ఆవిడకు చూపిస్తే మూడు రోజులుగా నవ్వుతూనే ఉందని రాశాడు. అయినా వారం తిరిగేలోపు నలుగురు వస్తామన్నారు. నాలుగైతే ఐదెంతసేపు అనుకున్నాను.

ఐదో మనిషి ఒక హోటల్లో ఇరవై రెండేళ్ళు గదుల శుభ్రత చూసిన ఆవిడ. హోటలు మూతపడింది. ఫొటోలో బూడిదరంగు చొక్కా, చేతి మీద రెండు గీతలు. ఆవిడ వెంటనే జవాబిచ్చింది.

‘అవును, నేనే చేసుకుంటాను. పని నాకు తెలుసు, భయం లేదు. ఒక్కటే అడుగుతాను. మా ఆయన మంచం మీద ఉన్నారు. మధ్యాహ్నం నేనే తినిపించాలి. రెండు గంటలు చాలని మీ పేజీలో ఉంది. మీరు నిజంగా రోజుకు ఎన్ని గంటలు షాపులో ఉంటారు? మీరు చెప్పేదాన్ని బట్టి తేల్చుకుంటాను.’

అడిగింది అక్కని. చదివింది నేను. సెమినార్‌కి చూపించాను.

“రెండు గంటలేనని కొట్టెయ్. వచ్చాక చూసుకుంటుంది.”

“ఏం చూసుకుంటుంది అన్నయ్యా? వాళ్ళాయన్నా?”

“నీకు ఐదో మనిషి కావాలా వద్దా?”

“కావాలి.”

“మరింకేం,” అని ఫోను మోగితే బయటికి వెళ్ళాడు.

‘రెండు గంటలే’ అని టైపు చేశాను. బల్ల కింద పాప నిద్రపోతోంది. అలవాటుగా దాని ఊపిరి లెక్కపెట్టాను. ఆ మంచం మీది మనిషి పక్కన కూడా ఎవరో ఒకరు ఇలాగే లెక్కపెడుతూ ఉంటారనిపించింది. రాసింది చెరిపేశాను. మళ్ళీ రాశాను.

‘ఉదయం ఆరింటికి వస్తాను. షట్టరు నేనే ఎత్తుతాను. బాయిలరు ఆగితే చేతులు కాల్చుకునేది నేనే. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి తిన్న రోజు లేదు. రెండు గంటలన్న మాట నిజం కాదు.’

మనసు మారేలోపు పంపేశాను. మర్నాడు జవాబు వచ్చింది. ‘చాలా సంతోషం. అయితే నాకు కుదరదు.’

నెలాఖరున అక్క వచ్చి నా కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుని తన పేరుతో వెళ్ళిన మెసేజులన్నీ మొదటి నుంచీ చదివింది. సెమినార్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. పాపని చంకనెత్తుకుని నేను గోడ పక్కన. హోటలావిడకు రాసిన మెసేజు దగ్గర అక్క చెయ్యి ఆగింది.

“నేను ఆరింటికొస్తానని నీకెవరు చెప్పారు?”

“చూశానక్కా.”

“ఇంటికెళ్ళి తినననీ?”

“మీ డబ్బా కడిగేది నేనే కదక్కా.”

అక్క మళ్ళీ చదివింది. “ఇది చదివితే నాకే ఈ షాపు పెట్టబుద్ధి కావడం లేదు.”

“నేను చెప్పేదీ అదే. చేతికొచ్చిన మనిషిని…” అన్నాడు సెమినార్.

“నువ్వు కాసేపు ఊరుకోరా. వచ్చిన నలుగురిలో ముగ్గురు బాయిలరు చూసి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఫోను చేస్తామని వెళ్ళారు. ముగ్గురూ అడిగింది నీ రెండు గంటల సంగతే. వాళ్ళకి సమాధానం చెప్పలేక చచ్చాను.” కళ్ళజోడు తీసింది. “ఆ మాట పేజీలోంచి తీసెయ్. ఇకమీదట ఎవరొచ్చినా మూడు రోజులు లోపల బల్ల దగ్గర నిలబడాలి. ఆ తర్వాతే మాటలు.”

“అలా అంటే ఎవరొస్తారక్కా?” అన్నాడు సెమినార్.

“తక్కువమంది వస్తారు. నా మంచినీళ్ళు మిగుల్తాయి.”

ఆయన వెళ్ళిపోయాడు. “ఐదుగురు కాలేదక్కా,” అన్నాను.

“నాకూ లెక్కలొచ్చు. ఇంకో నెల చూస్తాను. నెలంటే నెలే.” కుర్చీలోంచి లేస్తూ ఆగింది. “కానీ నా పేరుతో వద్దు. నా నోట్లో నువ్వు మాటలు పెట్టడం నాకు నచ్చలేదు. నిజమే కావచ్చు, చెప్పాల్సింది నేను. నీ పేరుతో, నీ ఫొటోతో రాసుకో.”

సైటులో నా పేరుతో ఖాతా తెరిచాను. చదువు అని ఒక గడి వచ్చింది. ఆ గడి దగ్గర చాలాసేపు కూర్చుని, ‘తొమ్మిదో తరగతి, సగం’ అని నింపాను. అనుభవం దగ్గర మాత్రం ఆలోచించలేదు. ‘ఇస్త్రీ బల్ల, ఐదేళ్ళు.’ ఫొటో కోసం షాపు చొక్కా ఒకటి తీసుకుని వెనకగదికి వెళ్ళి నేనే ఇస్త్రీ చేసుకున్నాను. పెద్దమ్మ చొక్కా చేతులు పట్టుకుని చూసి పెదవి విరిచింది.

“ఒక్క గీతే పడింది. నువ్వే చేసుకున్నావంటే ఎవరు నమ్ముతారే?”

మొదటి మెసేజు హోటలావిడకే రాశాను. ‘మొన్న మీకు రాసింది యజమానురాలు కాదు, నేను. గంటలు మాత్రం నిజమే. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళొచ్చేలా షాపు నడపడం ఎలాగో నాకు తెలియదు, మా అక్కకూ తెలియదు. నాకూ చిన్నపాప ఉంది కాబట్టి అడుగుతున్నాను. మీకేమైనా దారి తోస్తే వచ్చి మూడు రోజులు చూడండి. తోచకపోతే నన్ను మన్నించండి.’

రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు మధ్యాహ్నం జవాబు వచ్చింది, ఒకే ఒక్క ప్రశ్న.

‘పనిలో ఉన్నప్పుడు మీ పాపను ఎవరు చూస్తారు?’

వంగి చూశాను. తువ్వాళ్ళ మీద బోర్లా పడుకుంది. చెవి దగ్గర పెట్టి విన్నాను. పిల్లికూతలు లేవు. లేచి టైపు చేశాను.

‘బల్ల కింద ఉంటుంది. నేనే చూస్తాను. వచ్చే నెల సంగతి తెలియదు.’