లక్ష్మివారం నాటి ఆదివారం

చింతపండు తూచే త్రాసులో మనిషిని తూచడం ఆ కొండల్లో రోజూ చూసేది కాదు. అందుకే ఉపదేశి బర్నబా పంచె సర్దుకుని పళ్లెంలో బాసిపట్టు వేసుకు కూర్చోగానే సంతంతా అటే తిరిగింది. కుంచాల మీద చేతులు కుంచాల మీదే ఉండిపోయాయి.

"కదలకండి ఉపదేశిబాబూ, ముల్లు నిలబడదు," అన్నాడు షావుకారు సూర్యనారాయణ.

"నేను కదల్లేదు. నీ త్రాసే వణుకుతున్నాది."

"వణకదేటి బాబూ? చింతపండు మోసే దాన్ని తెచ్చి, కచేరీ సావిడిని మొయ్యమంటే."

అందరూ నవ్వారు. బర్నబా కూడా నవ్వాడు, పళ్లెం ఊగింది. నవ్వనిది ఒక్క మగ్దలేనమ్మే. మొగుడి చెప్పులు చేత్తో పట్టుకుని, పైకి లేస్తున్న రెండో పళ్లెం వంకే చూస్తోంది. ఎనిమిది మణుగుల రాళ్లు పడ్డాయి. పైన రెండు వీశెలు వేశాక గాని ముల్లు నిలబడలేదు.

"పాస్కా పండగ దాటాక తూసినప్పుడూ ఇంతే గదమ్మా," అన్నాడు షావుకారు కాస్త మెల్లగా. "ఇంకా అర వీశె మొగ్గింది కూడాను."

మగ్దలేనమ్మ పళ్లెంలో రాళ్లను తానే మళ్లీ ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

ప్రభువు తిరిగి లేచిన పాస్కా పండక్కి అందరూ దిగువ గుడికి వెళ్లి తిరిగి కొండెక్కుతుండగా, సగం దారిలో బర్నబా ఒక రాతి మీద కూర్చుండిపోయాడు. పెదాలు నల్లబడ్డాయి, మాట రాలేదు. డోలీ కట్టి మళ్లీ దిగువకు మోసుకుపోయారు. మిషను ఆస్పత్రి సిస్టరమ్మ గొట్టం పెట్టి గుండె చూసి, ఈ ఒళ్లు తగ్గకపోతే ఈ గుండె ఆ కొండకు చాలదని తేల్చి చెప్పింది. వరి అన్నం, నెయ్యి, పంది మాంసం మాన్పించమంది. చోడంబలి, ఆకుకూర, మజ్జిగ ఇమ్మంది. దిగువ గుడి ఫాదరైన స్వాములవారు ఇంకో మాట అన్నారు. వానలు వెనకబట్టాక తాము కొండెక్కి వస్తామనీ, అప్పటికీ బర్నబా ఇలాగే ఉంటే దిగువ బడికి మార్చేస్తామనీ.

ఇరవై ఏళ్లుగా కొండ ఊళ్లు తిరిగి ప్రార్థనలు చెప్పి, పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి ఆయన. దిగువకు దించేస్తే ఆయన బతుకు అక్కడితో సరి. దించకపోతే ఆ ఎగుడు దారి బతకనివ్వదు. ఈ రెంటి మధ్యా మగ్దలేనమ్మ చేతిలో ఉన్నది ఒక అంబలి గరిటె.

ఆ గరిటెను ఆవిడ గట్టిగానే తిప్పింది. అయితే సిస్టరమ్మ చెప్పని ఒక మాట తానే కలుపుకుంది. పాస్కాకు ముందు తపస్సు కాలంలో ఒక్కపొద్దులుండేటప్పుడు కూడా ఆదివారం ఉపవాసం లేదు గదా, ప్రభువు సమాధిలోంచి లేచిన రోజు గదా, దేవుడే సడలించిన రోజున తాను బిగించడమేమిటి అనుకుంది. వైద్యానికి కూడా ఆ సడలింపు చెల్లుతుందా అని సందేహం రాకపోలేదు. వచ్చిన సందేహాన్ని శనివారం సాయంత్రం కోడికి మసాలా నూరుతూ మర్చిపోయేది. వారమంతా మూతి ముడుచుకుని అంబలి తాగిన మనిషి ఆదివారం మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చుని, మొదటి ముద్దకే కళ్లు మూసుకునేవాడు. ఆ కళ్లు మూసుకోవడం చూడ్డానికే ఆవిడ వారమంతా ఎదురుచూసేది.

ఇంత చేసినా అర వీశె పెరగడమేమిటి?

గుంపులో ఊటగెడ్డ నుంచి పసుపు అమ్ముకోడానికొచ్చిన గంగ కనబడింది. ఊటగెడ్డ ఊరిపెద్ద భీమన్న పెళ్లాం. తెలిసిన మనిషి కావడంతో మగ్దలేనమ్మ కడుపులో బాధ వెళ్లబోసుకుంది.

"సూడు గంగా, ఆదివారం తప్పితే ఈ చేత్తో ఒక్క ముద్ద వరన్నం పెట్టలేదే."

"మేమూ అంతేనమ్మా," అంది గంగ. "ఆదివారం తప్పితే మరే దినమూ పెట్టనేదు. బాబు ముందే సెప్పినాడు, ఆదివారమే తింటానని."

"ఆదివారం ఆయన నా ఇంట్లోనే ఉంటాడు గదే. మీరెప్పుడు పెట్టారు?"

"మా ఊరు లచ్చింవారం రాడేటి?"

"లక్ష్మివారం వస్తే?"

గంగ ఈవిడకింత చిన్న సంగతి తెలీదా అన్నట్లు చూసింది. "బాబు ఒచ్చి పేర్దన సెప్పిన దినమే గదమ్మా ఆదివారం. మాకు లచ్చింవారం. కిత్తలపుట్టోళ్లకి మంగళారం. గుంజువాడోళ్లకి సోమారం."

మగ్దలేనమ్మ తల తిప్పి చూసింది. బర్నబా పక్క దుకాణం దగ్గర ఉప్పురాళ్లు ఎత్తి పట్టుకుని, వాటిలో ఏదో లోపం వెతుకుతున్నట్లు తీక్షణంగా చూస్తున్నాడు.

ఇంటికి వచ్చేదాకా ఆవిడ నోరు విప్పలేదు. అది తిట్టుకన్నా ఎక్కువని ఆయనకు తెలుసు. గుమ్మంలో కాళ్లు కడుక్కుంటూ తానే మొదలెట్టాడు.

"అబద్ధం ఆడలేదు."

"ఆడలేదు."

"కొత్తలో వాళ్లకి వారాల పేర్లే తెలీవు. సంతే తెలుసు. ఆదివారం అంటే ఏటి బాబూ అని అడిగితే, పని మానుకుని అందరం కూడి దేవుణ్ణి తలుచుకునే రోజు అని చెప్పాను. తప్పు చెప్పానా?"

"లేదు. అయితే మీకు వారానికెన్ని ఆదివారాలు?"

ఆయన వేళ్లు మడిచి, మడిచిన వేళ్లు చూసుకుని, చెయ్యి పంచెలో దాచేసుకున్నాడు.

"దేవుడికే ఒకటి సరిపోయింది గదండీ," అంది మగ్దలేనమ్మ. అది కోపం కాదని ఆయనకు అర్థమై, కాళ్లు కడుక్కోవడం మానేసి నిలబడ్డాడు.

"ఇంక ఏ ఆదివారమూ లేదు," అంది ఆవిడ చివరికి. "నా ఆదివారం కూడా లేదు. రేపు ఊటగెడ్డకి నేనూ వస్తాను. ఆ మాట నేనే చెబుతాను. మీరు చెప్పలేరు."

లక్ష్మివారం పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. పుస్తకాల సంచి ఆవిడే భుజాన వేసుకుంది. ఏటవాలు మొదలవగానే ఆయన ఊపిరి పిల్లనగ్రోవిలో గాలిలా సన్నగా కూయడం మొదలెట్టింది. రెండు మలుపులకోసారి చెట్టు మొదలు పట్టుకుని నిలబడేవాడు. నిలబడ్డానని తెలియకుండా, ఆ చెట్టు పేరేమిటో, దాని బెరడు ఏ జబ్బుకు పనికొస్తుందో చెప్పేవాడు. ఆవిడ ఊకొడుతూ ఆయన పెదాల రంగు చూసుకునేది.

ఊటగెడ్డలో వాకిళ్లన్నీ పేడతో అలికి ఉన్నాయి. మగవాళ్లు ఎవరూ పోడుకు వెళ్లలేదు. గంగ చేట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. పక్కనే పుంజు ఒకటి కాలికి నార కట్టించుకుని ఉంది. బర్నబా ప్రార్థన చెప్పాడు, పాట పాడించాడు. అయిపోయాక భీమన్న పుంజు దగ్గరకు వెళుతుంటే మగ్దలేనమ్మ లేచింది.

"భీమన్నా, ఉండు. బాబుకి గుండె జబ్బు. ఇవన్నీ తినకూడదు. మీరేమీ అనుకోకండి, ఈయనకి ఇంకేమీ వండకండి."

భీమన్న వంగి పుంజు కాలి నార విప్పేశాడు. గంగ చేటలో బియ్యాన్ని మళ్లీ బుట్టలోకి ఒంపేసి, అంబలి కుండ దించింది. ఎవరి మొహంలోనూ కోపం లేదు.

"అదేంటే గంగా," అంది మగ్దలేనమ్మ కంగారుగా. "ఈయనకి వద్దన్నాను గాని, మీరు వండుకోండి."

"ఆదివారం నేకుండా ఎలా వండుకుంటామమ్మా?" అంది గంగ. "బాబు ఇస్తరి ముందు కూకుంటేనే గదా ఆదివారం."

అరుగు మీద భీమన్న తల్లి సోములమ్మ కూర్చుని ఉంది. ముసలిది తలకు నూనె రాసుకుని, ఉతికిన కోక కట్టుకుని, పొద్దుటినించీ అక్కడే ఉన్నట్లుంది. చెవులు సరిగా వినబడవు. అంబలి కుండ చూసి కోడల్ని అడిగింది.

"ఏటే, ఇయ్యాల ఆదివారం కాదేటి?"

గంగ అంబలి కలపడం మొదలెట్టింది.

మగ్దలేనమ్మ ముసలిదాని వంక చూస్తూ ఉండిపోయింది. వీళ్లు మిగతా రోజులన్నీ తాగేది అంబలే. దొరక్కపోతే అడవి దుంపలు ఉడకేసుకుంటారు. ఏ సిస్టరమ్మా చెప్పలేదు, చెయ్యి ఖాళీగా ఉండి తాగుతారు. ఆ ఒక్కపొద్దులకు వారానికొక రోజు సడలింపు ఉంది. ఆ సడలింపు తన మొగుడి కాళ్ల మీద నడిచి ఇక్కడికి వస్తోంది. దాన్ని తాను వచ్చి ఎత్తేసింది. ప్రభువు లేచిన రోజు ఏదని దేవుడు ఈ ముసలిదాన్ని పంచాంగం చూసి అడుగుతాడా, ఆవిడకు తెలీదు. స్వాములవారిని అడిగినా చెప్పగలరో లేదో తెలీదు.

"ఆదివారమే అత్తా," అంది ముసలిదాని చెవి దగ్గర గట్టిగా. "భీమన్నా, బేగి ఆ పుంజుని పట్టుకో, ఎల్లిపోతున్నాది."

దాన్ని పట్టుకోడానికి ఊరు ఊరంతా పరుగెత్తాల్సి వచ్చింది. మగ్దలేనమ్మ దగ్గరుండి వండించింది. అడ్డాకు విస్తర్లు వేశాక, మొగుడు తన వంక భయంభయంగా చూస్తుంటే, "తినండి, ఈ వారానికి మీ ఆదివారం ఇదే," అంది.

తిరుగు దారి దిగుడు కాబట్టి ఆయనకు మాటలు సాగాయి. "అంటే ఏటి? ఈ వారానికి అన్నావు."

"వారానికొక్క ఊరు. వరసగా. మిగతా ఊళ్లలో విస్తరి ముందు కూర్చుని, ఒక్క ముద్ద నోట్లో వేసుకోండి. దీవించి లేవండి. వాళ్ల ఆదివారం వాళ్లకుంటుంది. మీ గుండె మీకుంటుంది."

ఆయన కొంతదూరం ఆలోచిస్తూ నడిచాడు. "మరి మన ఇంట్లో?"

ఆ లెక్క మగ్దలేనమ్మ వేసుకోలేదు. శనివారం నూరే మసాలా, ఆ కళ్లు మూసుకోవడం, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

"మన ఇల్లూ ఒక ఊరే అనుకోండి," అంది ముందుకు నడుస్తూనే. "వరస వచ్చినప్పుడు తిందురుగాని."

వానాకాలమంతా అలాగే గడిచింది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయనకు అంబలి పోసి, తానూ అదే తాగేది. శనివారం సాయంత్రాలు చేతులకు పని లేక, ఉతికిన బట్టలే మళ్లీ మడతపెట్టేది. ఒకసారి ఆయన ఉండబట్టలేక, "ఒక్క కోడి పులుసుకి ఏమైపోతుందే," అన్నాడు. "కిత్తలపుట్టోళ్లని అడగండి, వాళ్ల వరస ఇస్తారేమో," అంది ఆవిడ. ఇవ్వరని ఇద్దరికీ తెలుసు. వరస ఎప్పుడొస్తుందా అని అక్కడ ముసలీముతకా వాకిట్లోకొచ్చి అడుగుతున్నారు. ఊరికి ఊరు పోటీ పడుతోంది. భాద్రపదం నాటికి ఆయన చొక్కా భుజాల దగ్గర జారుతుంటే, మగ్దలేనమ్మ పక్కకుట్లు విప్పి లోపలికి పట్టింది. ఆ కుట్టు వేసేటప్పుడు ఎందుకో కళ్లు మసకబారి దారం రెండుసార్లు తెగింది.

వానలు వెనకబట్టాక స్వాములవారు అన్నట్లే వచ్చారు. ఫ్రాన్సు దేశం నుంచి వచ్చిన మనిషి, పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు మాట్లాడతారు. శనివారం నాడు కొండ దిగి ఎదురెళ్లిన మొగుడూ పెళ్లాలను చూసి, "ఊటగెడ్డ వరకు పోవుదము. నీవు ముందు నడువుము, నేను వెనుక నుండి చూతును," అన్నారు బర్నబాతో.

అందరికన్నా వెనక మగ్దలేనమ్మ నడిచింది. ఇన్నేళ్లలో జపమాల తిప్పుతూ ఒక్క పూస కూడా లెక్క తప్పని మనిషి, ఆ దారిలో ఎక్కడున్నదో మర్చిపోయి మళ్లీ మళ్లీ మొదలెట్టింది. చెవులు రెండూ ఆయన ఊపిరి మీదే ఉన్నాయి. పాస్కా నాడు కూర్చుండిపోయిన రాయి దగ్గర ఆయన ఆగాడు. ఆవిడా ఆగింది. ఆయన రాతి మీద చెయ్యి వేసి, దీర్ఘంగా ఊపిరి పీల్చుకుని, ఈసారి ఏ చెట్టు పేరూ చెప్పకుండా, మళ్లీ నడిచాడు. ఊరు కనబడేదాకా ఇంకెక్కడా కూర్చోలేదు.

స్వాములవారు మాత్రం ఊరి మొదట్లో మోకాళ్లు పట్టుకుని కూలబడ్డారు. కబురు తెలిసి ఊరంతా ఎదురొచ్చింది. పొయ్యి మీద అప్పటికే అన్నం ఉడుకుతోంది.

"ఏమి, నేడు పండుగయా?" అన్నారాయన.

"ఆదివారం స్వామీ," అన్నాడు భీమన్న.

"నేడు శనివారము గదా?"

"తవరొచ్చినారు, ఉపదేశిబాబు ఒచ్చినాడు. ఇంక శనివారం ఎలాగవుతాది?"

స్వాములవారు బర్నబాను చూశారు. బర్నబా తలొంచుకుని జరిగినదంతా, గుంజువాడ వరస, కిత్తలపుట్టు వరస, ఇంటి వరస, దాచకుండా చెప్పాడు. స్వాములవారు గడ్డం నిమురుకున్నారు. అది తప్పో ఒప్పో ఆయన కూడా తూచుకుంటున్నట్లు మగ్దలేనమ్మకు అనిపించింది.

"ఈ దినములను ఎవరు ఏర్పాటు చేసిరి?"

"మా ఆవిడండి."

"అట్లయిన నీవు ఇచ్చటనే యుండుము," అన్నారు స్వాములవారు లేస్తూ. "దిగువకు దింపవలసిన వాడను నేనే. ఎవరైనను డోలీ తెండు."

నవ్వులు సద్దుమణిగేలోగా విస్తర్లు పడ్డాయి. బర్నబా విస్తరిలో గంగ అన్నం పోసింది, కోడి కూర వడ్డించింది. ఆయన ముద్ద కలపబోతూ, ఎదురుగా వరసలో కూర్చున్న పెళ్లాం వంక చూశాడు. ఆ వారం గుంజువాడ వరస, ఊటగెడ్డది కాదు. ఇంత జరిగాక ఈ ఒక్కరోజుకు అనుకున్నాడేమో. మగ్దలేనమ్మకూ ఆ మాటే నాలిక చివరిదాకా వచ్చింది.

"ఒక్క ముద్ద," అంది.

ఆయన మారు మాట్లాడకుండా ఒక్క ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. అంత నెమ్మదిగా ఆయన తినడం ఆవిడ కాపురానికొచ్చాక ఎన్నడూ చూడలేదు. తన విస్తరి సంగతి మర్చిపోయి, ఆ ముద్ద అయ్యేదాకా అలాగే చూస్తూ కూర్చుంది.