బుగ్గమ్మ పెద్దమ్మ పేరుతో వచ్చిన మెయిల్

ఆ రోజు ఇంట్లో అమ్మ, జయపాల్ అన్న, నేను ఉన్నాం. ముందుగదిలోనే అన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాడు. మెయిల్ లేనివాళ్ల ఫారాలన్నిట్లో నా మెయిలే ఇచ్చేస్తాడు. అందుకే వాళ్లకొచ్చే చెత్త ప్రకటనలన్నీ నా ఫోన్లోనే పడతాయి.

పొద్దున వచ్చినదాన్ని చూసి ఒళ్లు మండింది. “బుగ్గమ్మ గారూ, గర్భసంచి ఆపరేషన్‌కు రాయితీ.” పక్కింటి బుగ్గమ్మ పెద్దమ్మ మొన్న దవాఖాన అపాయింట్‌మెంట్ కోసం సెంటర్‌కు వచ్చి, ఆ సంగతి అన్నకొక్కడికే చెప్పుకుంది.

“పెద్దమ్మ రోగం ఎవనికి చెప్పినవన్నా?”

“శేరిగూడ ప్రైవేటు దవాఖాన ఏజెంటు వివరాలు అడిగిండు, పంపిన. నీకు గింత నోరెప్పుడొచ్చిందే?”

“నా రోగమైతే గూడ గిట్లనే పంపుతవా?”

అమ్మ ఊకోమన్నది. నేను ఊరుకోలేదు. పక్కింటికి వెళ్లి పెద్దమ్మకు అంతా చెప్పాను.

“అంటే, నువ్వు గూడ సదివినవా?” అని ఆమె నా ముఖం మీదే తలుపేసింది.